ఎంగిలి కాని పప్పు

1983 జూన్‌లో నన్ను డిప్యుటేషన్ మీద జహీరాబాద్ పంపారు. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఒక క్యాటరింగ్ కళాశాలలో వంట విభాగం ఇన్‌స్ట్రక్టర్‌ని. హాస్టళ్లలో వంటకు చేరదలచిన ఆడవాళ్లకు మూడు నెలలు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పాసైనవాళ్ల పేర్లు పైకి పంపడం నా పని. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పన్నెండు మంది వచ్చారు. ఊహ తెలిసినప్పటి నుంచి పొయ్యి దగ్గరే ఉన్నవాళ్లకు వంట నేర్పుతానని తెల్లకోటు వేసుకుని వెళ్లాను. నా ధీమా అంతటిది.

వాళ్లలో ఝరాసంగం ఊరి శంకరమ్మ ఒకరు. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. బాలికల హాస్టల్లో వంటపని దొరికితే పిల్లల్ని అక్కడే చదివించుకోవచ్చని ఆమె ఆశ. కొలగరిటలు, తూకం వారంలో పట్టేసింది. ఒక్కటి మాత్రం చేసేది కాదు. రుచి చూసేది కాదు. మా వృత్తిలో అది మొదటి పాఠం: శుభ్రమైన చెంచాతో కొంచెం తీసి రుచి చూడాలి, ఆ చెంచా మళ్లీ గిన్నెలో ముంచకూడదు. శంకరమ్మ ఉడుకుతున్న గంజు గిన్నె మీదికి వంగి, కళ్లు మూసుకుని ఆవిరి పీల్చి, చిటికెడు ఉప్పు వేసేది.

ఒకరోజు కోప్పడ్డాను.

"వండేటోళ్లు నోట్లె ఏసుకుంటే గంజంత ఎంగిలైతది సార్. ఉప్పు వాసనకే తెలుస్తది" అంది.

ఉప్పుకు వాసన ఉండదని బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పరీక్షలో ఆమెకు పుంటికూర పప్పు, అంటే గోంగూర పప్పు, వచ్చింది. మార్కుల కాగితంలో తరిగే తీరు, కొలత, శుభ్రత, చివర 'రుచి చూచుట'. ఆ చివరి గడికి పది మార్కులు. దాన్ని పెట్టించింది నేనే. చెంచా ఆమె చేతికిచ్చి, ఒక్కసారి చూడమ్మా, లేకపోతే ఉద్యోగం రాదని బతిమాలాను.

"పిల్లలకు పెట్టేది గద సార్, ఎంగిలి ఎట్ల పెట్టాలె?" అని చెంచాను బల్ల మీద పెట్టేసింది.

గడిలో సున్నా వేశాను. రాత పరీక్ష కూడా అంతంత మాత్రంగా రాయడంతో, మొత్తం మీద నాలుగు మార్కుల తేడాతో తప్పింది.

అందరూ వెళ్లాక ఆ పప్పుతో అన్నం కలుపుకున్నాను. ఉప్పు రవ్వంత ఎక్కువ లేదు, తక్కువ లేదు. రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టాను.

తర్వాతి బ్యాచ్‌కు పైవాళ్లతో వాదించి ఆ గడిని 'ఉప్పు సరిపోయిందా' అని మార్పించి, ఆమెను పిలవడానికి ఝరాసంగం వెళ్లాను. ఇంటికి తాళం ఉంది.

"బొంబాయి దిక్కు కూలికి పోయింది సార్, పిల్లలను గూడ తోల్కపోయింది" అని పక్కింటావిడ చెప్పింది.

రిటైరయ్యాక మా ఇంట్లో వంట నాదే. పప్పు ఉడుకుతుంటే గిన్నె మీదికి వంగుతాను. పుంటికూర పులుపు తెలుస్తుంది, ఎల్లిపాయ తాలింపు తెలుస్తుంది. ఉప్పు తెలియదు. ఆ పప్పు ఇంకొక్కసారి తినాలని ఉంటుంది. నా బోర్డు చూసి ఆమె నవ్విన నవ్వు వినాలని ఉంటుంది.

వంటకు మార్కులు వేసేవాడు ముందు తాను రుచి చూడాలి. ఆ రోజు సున్నా వేసేటప్పటికి నేనూ చూడలేదు.