అక్క టర్కీ పుంజును పట్టిన కథ

పొద్దుగాల అక్క ఫోన్ చేసింది. ఆమె మాట్లాడుతాంటె ఎనుక నుంచి గళగళమని టర్కీ పుంజు మొత్తుకుంటాంది. అక్క చెప్పిన దాంట్ల సగం వినవడలె గని, నాకు మోకాళ్ల మీది పాత మచ్చలు మతికొచ్చినయి. జన్మల ఒక్కసారే నేను వేటకు పోయిన. పులికి కాదు, పందికి కాదు. గిప్పుడు మొత్తుకుంటున్నదాని తాతకు!

తెలంగాణ వచ్చిన రెండు మూడేండ్లకు సంగతి. మాది మగ్గాల ఇల్లు. బావ పోయినంక ఆర్నెల్లు అక్క మగ్గం గుంటల కాలు వెట్టలె. వండుకునుడు గూడ మరిచేది. ఎవరో చెప్తే పానగల్ దిక్కు నుంచి నాలుగు టర్కీ పెట్టలు, ఒక పుంజు తెచ్చుకున్నది. పెట్టలు గుడ్లకొచ్చినయి. "పిల్లలైతె చాలురా తమ్మి, ఇంట్ల జర సప్పుడుంటది" అన్నది. ఆర్నెల్లల్ల ఆమె నోట ఏదన్న కావాలన్న మాట విన్నది గదే మొదలు. సరిగ్గ గా రోజే, చూడబోయిన నేను దొడ్డి తడక ఎయ్యకుండ వచ్చిన. పుంజు కంది చేలల్ల వడి, బత్తాయి తోట దాటి, అవుతలి తుమ్మల తోపుల దూరింది. పుంజు లేకుంటె గుడ్లొస్తయి గని పిల్లలు రావు. అక్క పోయి తడక తనే ఏసొచ్చింది. తిట్టినా బాగుండు.

మొదటి రోజు ఎంటబడి ఉరికి పట్టుదామని చూసిన. నేనొక్క అడుగేస్తె అది పదడుగులు. ముండ్లకు నా లుంగీ పేలికలయ్యింది. బత్తాయి తోట కాసే చాచా, పడుచుతనంల కౌజు పిట్టలు పట్టి తర్వాత మానుకున్న మనిషి, నన్ను చూసి కడుపు పట్టుకోని నవ్విండు. "అరే బేటా, వేటంటె ఉరుకుడు గాదు, కూసునుడు. వాడు యాడ పంటడు, యాడ మేస్తడు, జర చూడు. వాని తొవ్వల నువ్వు కూసోవాలె" అన్నడు. ఉచ్చు పెట్టు, ముడి మాత్రం జారాలె అని గూడ చెప్పిండు.

నేతోని ఇంట్ల నూలుకు కొదువనా! రెండో రోజు పోగులు పేని ఉచ్చు కట్టి, మక్కలు చల్లి, చెట్టు చాటున కూసున్న. పుంజు దర్జాగ వచ్చి, ఉచ్చుల కాలు వెట్టి, మక్కలన్ని తిని, కాలు తీసుకోని పోయింది. చాచా ముడి చూసి నెత్తి కొట్టుకున్నడు. తెగిన పోగును అతికే ముడి వేసిన నేను! నలభై ఏండ్లు జారని ముడి వేసిన చేతి వేళ్లకు జారే ముడి యాడికెల్లి వస్తది? మూడుసార్లు విప్పి కట్టిన. మూడుసార్లు గదే పడ్డది.

"ఛోడ్ దో, ఇడిసిపెట్టు" అన్నడు చాచా. "పొద్దంత మగ్గం గుంటల కూసునేటోనివి, నీకు కూసునుడు ఒకరు నేర్పాల్నా? అక్కను పెట్టను తెమ్మను."

మూడో రోజు తెల్లారంగనె అక్క గంప కింద పెట్టను మూసి, చేతిల దుప్పటితోని నా పక్కన కూసున్నది. పెట్ట కుయ్యిమన్నది. తోపుల నుంచి గళగళమని జవాబొచ్చింది. చీమలు కాళ్లెక్కుతున్నా కదలలె. గప్పుడే నాకు దగ్గొచ్చింది. ఆపుకున్న, ఆపుకున్న, ఆఖరికి దగ్గిన. సచ్చితిమి పో అనుకున్న. నా దగ్గుకు గూడ పుంజు గళగళమని జవాబు చెప్పింది! అక్క కొంగు నోట్ల కుక్కుకున్నది. ఆమె భుజాలు అదురుతాంటె ముందు ఏడుస్తుందనుకున్న. నవ్వుతాంది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పుంజు తోక ఇప్పుకోని, పెండ్లికొడుకు లెక్క గంప దాక వచ్చింది. అక్క దుప్పటి ఇసిరి "పట్టురా తమ్మీ!" అని ఊరంత ఇనవడేటట్టు మొత్తుకున్నది. మీద పడ్డ. మోకాళ్లు చెక్కుకుపోయినయి గని పుంజు దొరికింది.

కొన్నాళ్లకు పెట్ట పొదుగుకు కూసున్నది. ఇరవై ఎనిమిది దినాలకు పిల్లలైతయట. అక్క గోడ మీద బొగ్గుతోని గీతలు గీసి రోజుకొకటి కొట్టేసేది. నేను గడప తొక్కంగనె "ఇంక పదకొండేరా" అనేది. అంతకుముందు ఆమె దినాలన్నీ బావ పోయిన నాటి నుంచే లెక్కవెట్టేది. కాలాన్ని ముందుకు గూడ లెక్కవెట్టొచ్చని గా బొగ్గు గీతలు చూసినంకనే నాకు తెలిసింది.