దెయ్యం చేపకు నంది పేరు

నంద్యాల జిల్లా అయిన మరుసటి ఏడు నన్ను ఆళ్లగడ్డ వైపు చెరువులు చూసుకోమని వేశారు. మత్స్యశాఖలో నాది అభివృద్ధి అధికారి హోదా. పేరు ఘనంగా ఉంటుంది కానీ, పై అధికారికీ చెరువు గట్టుకూ మధ్య తిరిగే ఉద్యోగమది. వానలు పడ్డాక చెరువుల్లో వేలెడు పొడవున్న చేపపిల్లల్ని వదిలించడం, మత్స్యకార సంఘాలకు చెరువులు లీజుకు ఇప్పించడం, వలలకూ తెప్పలకూ ప్రతిపాదనలు రాయడం మా పని. పదవీ విరమణ దగ్గరపడింది కనుక మిగిలిన కాలం నెమ్మదిగా గడిచిపోతుందనుకున్నాను. గడవలేదు. ఆ ఏడు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆళ్లగడ్డకు దగ్గరలో తెలుగుగంగ కాలువ నీళ్లు చేరే చెరువొకటి ఉంది. దాని మీద ఒక బెస్త సంఘం బతుకుతుంది. సంఘం అధ్యక్షుడు సుంకన్న. అతని భార్య చెన్నమ్మ, పట్టిన చేపను బస్సులో నంద్యాలకు తీసుకొచ్చి మార్కెట్లో తట్ట పెట్టి అమ్మేది. నేను వెళ్లిన మొదటిరోజే సుంకన్న ఒక చిరిగిన వల తెచ్చి నా ముందు పడేశాడు.

"చూడు సార్. బొచ్చెలు పడాల్సిన వలలో దెయ్యాలు పడతాండాయి" అన్నాడు.

దెయ్యం చేప మన నీళ్లలో పుట్టింది కాదు. అద్దాల తొట్టెల్లో పాచి నాకి శుభ్రం చేస్తుందని ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి తెచ్చి అమ్మారు. అది పెరిగి తొట్టెలో పట్టకపోయేసరికి కొన్నవాళ్లు తీసుకెళ్లి కాలువల్లో వదిలారు. దానికి ఒంటినిండా ఎముక పలకలు, రెక్కలకు గట్టి ముళ్లు. మిగతా చేపల గుడ్లు తినేస్తుంది, గట్టుకు బొరియలు తవ్వుతుంది, వలలో చిక్కితే వలనే చింపుతుంది. ఒడ్డున పడేసినా ఒక పట్టాన చావదు. అలా సరదాగా తొట్టెల్లో పెంచుకున్నవాళ్ల తప్పు చివరికి సుంకన్న వలలోకి వచ్చి పడింది.

నేను పద్ధతి ప్రకారం ప్రతిపాదన పంపాను. కాలువ నీళ్లు చెరువులోకి దిగే తూముకు సన్నటి ఇనుప జాలీ బిగించాలి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు ఈ చేపను ఏరించి గట్టుకు దూరంగా పూడ్పించాలి. నష్టపోయిన కుటుంబాలకు కొత్త వలలు ఇవ్వాలి. ఇందులో కొత్త విద్య ఏమీ లేదు. పైనుంచి వచ్చిన జవాబు మాత్రం కొత్తగానే ఉంది. జాలీకి నిధులు లేవట, ప్రచారానికి ఉన్నాయట. జనం చేత తినిపిస్తే చేప తనంతట తనే తగ్గిపోతుందట. దానికి "ఉపద్రవమే ఉపాహారం" అని నినాదం కూడా సిద్ధం చేసి పెట్టారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎవరు ఏం తిన్నా నాకు అభ్యంతరం లేదు. ఉద్యోగంలో ఊళ్లు తిరుగుతూ మలుగుపాము చేప పులుసు తిన్నాను, నత్తలు తిన్నాను, తొలకరికి లేచిన ఉసిళ్లను వేయించి బొరుగుల్లో కలిపి పెడితే అడిగి మరీ పెట్టించుకున్నాను. వాటిని తినమని ఆ జనానికి ఎవరూ డేరాలు వేసి చెప్పలేదు. దెయ్యం చేపనూ తిన్నాను. దానికి కత్తి దిగదు. సుంకన్న దాన్ని నిప్పుల మీద కాల్చి, పలకలు లేచాక పెంకు ఒలిచినట్టు ఒలిచాడు. మోచేతి పొడవు చేపలో గుప్పెడు కండ వచ్చింది. చెన్నమ్మ కారం, చింతపండు దండిగా వేసి పులుసు పెట్టింది. కొంచెం బురద వాసన ఉన్నా సంగటిలోకి బాగానే ఉంది.

"తినేదానికి బాగానే ఉండాది సార్. అమ్మేదానికి యాడుండాది దీంట్లో? తల, పెంకు తీస్తే తట్టంతా చెత్తే" అంది చెన్నమ్మ. ఆ ఒక్క మాటతో పథకం మొత్తం తేలిపోయింది.

కానీ మా సమీక్షా సమావేశానికి చెన్నమ్మను ఎవరు పిలుస్తారు? ప్రచారం కోసం రాజధాని వైపు నుంచి ఒక సలహాదారుణ్ణి తెచ్చారు. దెయ్యం అనే పేరుంటే ఎవరూ కొనరని, పేరు మార్చాలని ఆయన చెప్పాడు. ఎక్కడినుంచో వచ్చిన చేపకు జిలేబీ అని పేరు పెడితే జనం ఎగబడి తినడం లేదా అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత గోడమీద పటంలో నంద్యాల వైపు చూసి, మురిసిపోతూ "నంది చేప" అన్నాడు. దాని మీసాలు కొమ్ముల్లా ఉన్నాయట కూడా.

నేను లేచాను. ఈ ఊరి పేరులోనే నంది ఉందని, చుట్టూ నవనందులున్నాయని, మహానందికి వెళ్లే బస్సులు ఈ ఊరి మీదుగానే పోతాయని చెప్పాను. రోజూ మాంసం తినేవాడు కూడా ఇక్కడ నంది కొమ్ముల మధ్య నుంచి శివుణ్ణి చూసి దండం పెట్టుకుంటాడని, ఆ పేరుతో కూర వండితే ఊరుకోరని చెప్పాను. పైగా వాళ్లు అనుకున్న మత్స్య దినోత్సవం సరిగ్గా కార్తీకమాసంలో పడుతోంది. సగం ఊరు నీచు ముట్టని నెల. మా పై అధికారి నవ్వి, మీరు పాతకాలపు మనిషి, కూర్చోండి అన్నాడు. కూర్చోకుండా నా అభ్యంతరం నమోదు చేయమన్నాను. చేస్తామన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా శాఖలో వినేవాడు పెద్ద హోదాలో ఉంటే చెప్పేవాడే లోకువ.

మత్స్య దినోత్సవం రోజున నంద్యాలలో డేరా వేశారు. సంఘం ఆడవాళ్లను వ్యానులో తెచ్చారు. వస్తే అక్కడికక్కడే కొత్త వలలు పంచుతామని చెప్పడం వల్లే వాళ్లు వచ్చారు. చెన్నమ్మకు కొమ్ములున్న చేప బొమ్మ వేసిన టోపీ పెట్టి, ముందు ఆమె తట్ట పెట్టించి, "నంది చేప రుచి చూడండి" అనే పెద్ద బోర్డు కింద నిలబెట్టారు. కెమెరాల ముందు తినమన్నారు, తింది. ఇంకోసారి నవ్వుతూ తినమన్నారు. మళ్లీ తింది.

ఆ సమయంలో నేను వంటల వైపు వెళ్లాను. తెరచాటున పెద్దల భోజనానికి వేరే పొయ్యి పెట్టారు. దాని మీద కొరమీను వేగుతోంది. ఆ కొరమీను ఎక్కడిదని వంటవాణ్ణి అడిగితే, సంఘం వాళ్లే పొద్దున తెచ్చారన్నాడు. మంచి చేప వాళ్ల దగ్గరే ఊరికే తెప్పించుకుని, తాము తిని, దెయ్యాన్ని వాళ్లకు పెట్టారు. నా వెనకే వచ్చిన చెన్నమ్మ ఆ మూకుడు చూసింది.

"ఏంది సార్ ఇది? వాళ్లకు కొరమీను, మాకు దెయ్యమా? అంత మంచిదైతే వాళ్లెందుకు తినరు?" అంది. ఆ ప్రశ్ననే మా పై అధికారి దగ్గరికి వెళ్లి అడిగాను. విస్తరి ముందు కూర్చున్న ఆయన ఇంకో కొరమీను ముక్క వేయించుకున్నాడు.

భోజనాలు ముగిసేలోపే బోర్డు మాట ఊళ్లోకి పాకింది. మాల వేసుకున్నవాళ్లు, గుడినుంచి వస్తున్నవాళ్లు, దుకాణాలవాళ్లు గుంపుగా వచ్చారు. "ఏందప్పా ఇది, నందిని పులుసు పెడతాండారా?" అని ఒక పెద్దాయన బోర్డు చూపిస్తూ అడిగాడు. ఆయన కోపంలో తప్పు లేదు. అప్పటికే సలహాదారు కారెక్కేశాడు. మిగిలింది బోర్డు, దాని కింద టోపీతో చెన్నమ్మ. బోర్డు చింపారు, గిన్నెలు తన్నారు, ఆమె తట్టను రోడ్డు మీదికి విసిరారు. నేను, సుంకన్న అడ్డం నిలబడి ఆమెను వ్యాను ఎక్కించాం. వలల మాట ఎత్తిన నాథుడు లేడు.

సాయంత్రం మా పై అధికారి విలేకరులతో మాట్లాడుతూ, ఆ పేరు స్థానిక మత్స్యకార మహిళలే పెట్టుకున్నారని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెళ్లన్నీ ఒక్క తట్టలోనే పోశారు. ఇక ఆగలేదు. అది అబద్ధమని, ఆ పేరు ఏ సమావేశంలో ఎవరు పెట్టారో, ఎవరు ఒప్పుకున్నారో అదే విలేకరులకు అక్కడే చెప్పాను. మర్నాడు పత్రికల్లో ఆయన మాట వచ్చింది, నాది రాలేదు. క్రమశిక్షణ తప్పానని నాకు మెమో ఇచ్చి, డోన్ అవతలికి బదిలీ చేశారు. చెరువులు ఎండిపోయిన మెట్ట ప్రాంతంలో చేపల అధికారిగా ఉద్యోగం ముగించాను.

విరమణ తర్వాత ఒకసారి ఆళ్లగడ్డ బస్టాండులో చెన్నమ్మ కనిపించింది. వేరుశనక్కాయలు ఉడకబెట్టి అమ్ముతోంది. నంద్యాల మార్కెట్లో మళ్లీ తట్ట పెట్టలేదా అని అడిగాను.

"యాడ పెట్టనిస్తారు సార్! నందిని అమ్మినామె అంటాండారు. ఈడ గూడా నంది చెన్నమ్మే నేను. పేరు పెట్టినోడు కారెక్కి పాయ, పేరు మాత్రం నా మీదుండాది" అంది. కాయలకు దుడ్లు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఉద్యోగంలో చివరిగా నేను నేర్చుకున్నది చెబుతాను. ఉపద్రవం ఏ దారిన వస్తోందో ఆ దారి మూయడం ప్రభుత్వోద్యోగి పని. దాన్ని పేదవాడి పళ్లెంలో వేసి తినమనడం, పేరు మార్చి మరీ తినమనడం ఆ పని ఎగ్గొట్టడమే. ఆ చెరువు తూముకు జాలీ ఇప్పటికీ లేదు.