చప్పుడు లేని ములాఖత్

మా మేనత్త పోయింది. ఈ మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. రాసింది నేనే అయినా ఎవరి గురించో చదువుతున్నట్టుంది.

అత్త నాకెప్పుడూ వీడియో కాలే చేసేది. ఆమె సిరిసిల్లలో సాంచెల షెడ్డులో, నేను మందమర్రిలో వెల్డింగ్ దుకాణంలో. మరమగ్గాలను మావైపు సాంచెలంటాం. రెండు చోట్లా చెవులు చిల్లులు పడే మోతే కాబట్టి మాకు గొంతుతో పనిలేదు. పోయిన రోజు మధ్యాహ్నం కూడా పెదవులతో, చేతులతో మాట్లాడింది. ఆదివారం నా బిడ్డను తీసుకుని రమ్మంది. సాయంత్రం అదే నంబరు నుంచి మామూలు కాల్ వచ్చింది. ఎత్తితే వెనక సాంచెల చప్పుడు లేదు. ఆ వేళప్పుడు ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెన్నడూ వినలేదు.

“అవ్వ మిషన్ కాడనే ఒరిగింది రా. దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయింది” అన్నాడు బావ, ఆమె కొడుకు.

“ఏ అవ్వ?” అని అడిగాను. నిజంగానే అడిగాను.

నన్ను కన్న అవ్వ, బాపు నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అత్తే. ఆమె షెడ్డులో కండెలు చుట్టేది, అంటే సాంచెల్లో వాడే నూలును చిన్న చిన్న పుల్లలకు ఎక్కించే పని. నేను ఆ నూలు మూటల మీదే నిద్రపోయి, ఆ మూటల మీదే లేచాను. షెడ్డులో ఎవరూ అరవరు. అరిచినా వినపడదు. పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటారు, మిగతాది చేతులు చెబుతాయి. ఎవరైనా చంటిపిల్లకు పాలివ్వడానికో, మరో పనికో బయటికి పోవాలంటే పక్క మిషన్ మనిషి అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, తర్వాత తలుపు వైపు చూపిస్తుంది. నేను చూస్త, నువ్వు పో అని. పోయే మనిషి తలూపి పోతుంది. తలూపకుండా పోతే పక్కామె మళ్లీ చేస్తుంది.

ఈ విద్య జైల్లో అక్కరకొస్తుందని ఎవరనుకుంటారు? మా బజారులో జరిగిన కొట్లాటలో ఒకతని తల పగిలింది. విడిపించబోయిన నా పేరు కూడా కేసులో చేరింది. నా తప్పేమీ లేదని కోర్టు తర్వాత వదిలేసింది గానీ, ఆ మాట వచ్చేదాకా నెలల తరబడి కరీంనగర్‌లో జైల్లో ఉన్నాను. అప్పుడు నా భార్య కడుపుతో ఉంది.

ములాఖత్ గది చూడనివాళ్లకు చెబుతాను. ఇటు జాలీ, అటు జాలీ, నడుమ సందు. ఇటు మేమందరం, అటు మా వాళ్లందరూ. అందరికీ ఒకటే వేళ కాబట్టి అందరూ ఒక్కసారే కేకలు పెడతారు. వకీలు ఏమన్నాడు, బెయిలు ఎప్పుడు, పిల్లలెట్లున్నారు, అన్నీ కలిసిపోయి ఎవరి మాటా ఎవరికీ అందదు. మొదటిసారి నేను సిగ్గుతో తలెత్తలేదు. అప్పటికే అన్నం కూడా మానేశాను. చివరికి ఎట్లాగో తలెత్తితే, పసుపుపచ్చ చీరలో అత్త జాలీకి ఆనుకుని, షెడ్డులో నిలబడ్డట్టే నింపాదిగా నిలబడి ఉంది. ఆమె పెదవులు కదిలాయి. “తిన్నవా?”

అంత గోలలో నాకొక్కడికే మాట వినపడింది. ఏడుపు ఆగలేదు. తర్వాత ప్రతిసారీ ఆ చీరే కట్టుకొచ్చేది, గుంపులో నేను వెతుక్కోవద్దని.

కొన్నాళ్లకు అక్కడి అధికారికి అనుమానమొచ్చింది. ఈ ముసలామె గొంతెత్తదు, చేతులేమో ఆగవు, ఏం కబుర్లు పంపుతోందోనని నా ముందే పిలిచి అడిగాడు. అత్త భయపడలేదు.

“మాది సాంచెల బతుకు సారూ, మొత్తుకునుడు మాకు రాదు. గడ్డం గీసుకోమని చెప్తున్న, గంతే. ఆ మొఖం చూస్తే పుట్టబోయే పిల్ల జడుసుకుంటది” అంది.

ఆయన నా గడ్డం వైపు చూసి నవ్వాడు. మళ్లీ మమ్మల్ని ఆపలేదు.

బిడ్డ పుట్టిన కబురు కూడా అట్లాగే తెలిసింది. చేతులు ఊయలలా ఊపింది. తర్వాత ముక్కు మీద వేలు పెట్టి ముక్కుపుడక చూపించింది. ఆడపిల్ల. తల్లి బాగుందన్నట్టు కళ్లు మూసి తెరిచింది. నా పక్కనున్నవాడు ఇంటావిడ మాట వినపడక గొంతు చించుకుంటున్నాడు, నేనేమో చప్పుడు లేకుండా తండ్రినయ్యాను.

వేళ అయిపోయిందనగానే అరచెయ్యి గుండె మీద పెట్టుకునేది, తర్వాత లోపలి తలుపు వైపు చూపించేది. ఇల్లు నేను చూస్త, నువ్వు పో. నేను తలూపేదాకా జాలీ దగ్గర్నుంచి కదిలేది కాదు. ఆ చెయ్యే లేకపోతే నేను లోపల ఏమైపోయేవాణ్నో తెలియదు. ఇప్పుడు నా బిడ్డకు బడికెళ్లే వయసొచ్చింది, నానమ్మా అని పిలిచే అత్తతో పెదవుల భాష నాకంటే బాగా మాట్లాడేది. దానికి ఈ సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

ఆదివారం కంటే ముందే సిరిసిల్ల పోవాల్సి వచ్చింది. వాకిట్లో అత్తను పడుకోబెట్టారు. డప్పులు, ఏడ్పులు, ఎవరేమంటున్నారో తెలియడం లేదు. అప్పుడు ఆమె పక్క మిషన్ మీద కండెలు చుట్టే అక్క వచ్చింది. అందరిలా గొంతెత్తి ఏడవలేదు. అత్త మొఖానికి ఎదురుగా, షెడ్డులో నిలబడే దూరంలో నిలబడింది. అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా వీధి వైపు చూపించింది.

అత్త తలూపుతుందేమోనని నేను చూస్తూ నిలబడ్డాను. ఊపలేదు. అక్క మళ్లీ గుండె మీద చెయ్యి పెట్టుకుంది.