చెకింగమ్మ, వాసనొచ్చిన డ్రమ్ము

ఆమె బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరైంది. ఉద్యోగం వదిలిందే గాని తనిఖీ వదల్లేదు. కింది అంతస్తులో ఉన్న ఆమె వంటింటి కిటికీ భవనం వెనక ఖాళీ జాగావైపు ఉంటుంది. అటు ఎవరు వెళ్లినా, చేతిలో ఏం పట్టుకెళ్లినా, తిరిగొచ్చేటప్పుడు ఆ చెయ్యి ఖాళీగా ఉన్నా ఆమె కళ్లబడాల్సిందే. అందరూ ఆమెను చెకింగమ్మ అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు. లోలోపల ఇష్టం కూడా.

టికెట్ లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడని, దొంగపాసు వాడు మరీ మర్యాదగా మాట్లాడతాడని ఆమె అనుభవం. ఒకసారి సొంత తమ్ముణ్ణే నడిదారిలో బస్సు దింపేసింది. ఆమె అనుమానించని మనిషి లోకంలో ఒక్కడే, ఆమె భర్త. దుకాణాలకు బోర్డులు రాసి బతికిన మెత్తటి మనిషి. ఆయనకు అబద్ధం చేతకాదని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది. తేల్చేసుకున్నాక మళ్లీ అటు చూడలేదు.

మూడో అంతస్తులో ఉండే టీచరు భవనంలోని పిల్లల్ని పోగేసి, వెనక జాగాలో చిల్లులు పెట్టిన డ్రమ్ములు పెట్టించింది. సాయంత్రం పిల్లలు బకెట్లతో గడపగడపకూ తిరిగి కూరగాయల తొక్కలు తెచ్చి అందులో వేస్తారు. పైన ఎండుటాకులు కప్పుతారు. కొన్నాళ్లకు అది ఎరువవుతుంది. వండినవి వేయకూడదన్నది పిల్లల కట్టుబాటు. డ్రమ్ముల మీద ‘తొక్కలు’, ‘ఆకులు’ అని రంగులతో రాసిపెట్టింది చెకింగమ్మ భర్తే.

ఆమెకు మాత్రం నమ్మకం కుదరలేదు.

“ఊరికే ఎవరైనా పక్కింటి చెత్త మోస్తారటండీ? ఎవరింట్లో ఏం తింటున్నారో కూపీ లాగడానికే ఇదంతా” అంది భర్తతో.

“తొక్కలు చూసి ఏం కనిపెడతారే?” అన్నాడాయన.

“నేనైతే చాలా కనిపెడతాను.”

అందుకని తన ఇంటి తొక్కల్ని పాత పేపర్లో పొట్లం కట్టి ఇచ్చేది. పిల్లలు గుమ్మం దాటకుండానే విప్పేసి, పేపరు తిరిగి చేతిలో పెట్టేవాళ్లు.

మొదట్లో బాగానే నడిచింది. ఎండలు ముదిరేసరికి తొక్కల డ్రమ్ము కంపు కొట్టడం మొదలైంది. ఎలుకలు చేరాయి. ఎవరో వండిన పదార్థాలు పడేస్తున్నారని టీచరు కనిపెట్టింది. వచ్చే ఆదివారానికల్లా వాసన పోకపోతే డ్రమ్ములు తీసేయిస్తానని భవనం సంఘం కార్యదర్శి చెప్పేశాడు.

చెకింగమ్మకు ఒంట్లో కొత్త సత్తువ వచ్చింది. ముందు రెండో అంతస్తు నర్సు మీద కన్నేసింది. వేళాపాళా లేకుండా పొట్లాలతో వచ్చే మనిషి. మెట్లమీద ఆపి, “మిగిలిన అన్నం ఏం చేస్తున్నావమ్మా?” అని అడిగింది.

“అన్నం వండుకునే తీరిక దొరికిన రోజున మీకే ముందు చెప్తా పిన్నిగారూ” అని నర్సు ముఖం మాడ్చుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత పైగదుల్లోని కాలేజీ కుర్రాళ్ల వంతు వచ్చింది. వాళ్లు మరీ మర్యాదగా మాట్లాడారు. దాంతో అనుమానం గట్టిపడింది.

ఒక మధ్యాహ్నం పిల్లలు బళ్లో ఉండగా, కర్ర తీసుకుని తనే డ్రమ్ము కెలికింది. పైన ఆకులు పొందికగా కప్పి ఉన్నాయి. వాటి కింద రొట్టె ముక్కలు, కూర. కూరలో క్యారెట్ ఏటవాలుగా, పల్చగా తరిగి ఉంది. అలా తరిగేది భవనం మొత్తంలో తనొక్కతే. నిన్నటి కూర అది.

పిల్లలు తన వంటింట్లో జొరబడుతున్నారు! ఆమెకు తోచింది అదే.

బడి వదిలేవేళకు గేటు దగ్గర కాపు కాసి, పిల్లలందరి మీదా పెద్దరికం చేసే కళ్లజోడు పిల్లను పట్టుకుంది.

“మా ఇంట్లోకి ఎవరొచ్చారే?”

“ఎవరూ రాలేదు అమ్మమ్మా.”

“నా దగ్గర మీ పప్పులుడకవు. నా కూర డ్రమ్ములోకి నడిచొచ్చిందా?”

ఆ పిల్ల ఒక్కసారిగా ఏడ్చేసింది. “మేం దొంగలం కాదు. తాతయ్యే వేస్తున్నారు. గొంతులోంచి దిగట్లేదంట. మీకు చెప్పొద్దన్నారు. డాక్టర్ దగ్గరికెళ్లండని మేం రోజూ చెప్తూనే ఉన్నాం. వెళ్తా వెళ్తా అంటారు, వెళ్లరు. వాసనొస్తుందని మాకు తెలీదా? కానీ తాతయ్య కదా... అందుకే ఆకులు కప్పేశాం.”

చెకింగమ్మ అప్పటికీ నమ్మలేదు. మర్నాడు భోజనం వడ్డించి, దుకాణానికని చెప్పి బయటికి నడిచి, చుట్టూ తిరిగి పెరటి తలుపు దగ్గర నిలబడింది.

ఆయన రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. నీళ్లు తాగాడు. పిడికిలితో రొమ్ము మీద నొక్కుకున్నాడు. ముఖం కందిపోయింది. చివరికి నోట్లోది కాగితంలోకి ఉమ్మేసి, కంచంలోది కూడా అందులోకే ఒంపి, పొట్లం కట్టి పెరట్లోకొచ్చాడు. ఎదురుగా భార్య.

“ఎంతసేపైంది నిలబడి?”

“చూడాల్సింది చూసేంత. ఎప్పట్నుంచిదీ?”

“చలి తగ్గినప్పట్నుంచి. మొదట రొట్టె, ఇప్పుడు అన్నం కూడా. పాలు దిగుతున్నాయి.”

“కూర బాగుందన్నారు. రోజూ అన్నారు.”

“బాగానే ఉండేది. నోట్లో ఉన్నంతసేపూ.”

ఆమె మెట్టుమీద కూలబడింది. ఆయన చొక్కా భుజాలమీంచి జారుతోంది. భవనంలో అందరి చేతులూ చూసింది గాని, తన ఎదురుగా కూర్చుని తినే మనిషి మణికట్టు చూడలేదు.

“డాక్టరుకి చూపిస్తే ఏదో ఒక పేరు పెడతాడు. పెట్టకపోతే ఏమీ లేదనుకోవచ్చని...” అని ఆయన నసిగాడు.

“చెప్పులేసుకోండి” అంది.

ఆస్పత్రిలో గొంతులోకి గొట్టం వేసి చూశారు. అన్నవాహిక ఒకచోట ఇరుకైపోయిందన్నారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక, భయపడాల్సిన జబ్బు కాదని డాక్టరు నవ్వుతూ చెబితే ఆ నవ్వునే అనుమానించి, కాగితాలు పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయనా అదే అన్నాడు. ఇరుకును వెడల్పు చేశారు. మెత్తగా కలిపిన అన్నం మెల్లమెల్లగా దిగసాగింది. ఆయన మింగుతున్నంతసేపూ ఆమె గొంతువైపే చూస్తుంటే, ఆయన విసిగి గోడవైపు తిరిగి తినేవాడు.

ఈ ఆస్పత్రి తిరుగుడు మధ్యలోనే గడువు ఆదివారం వచ్చింది. కార్యదర్శి డ్రమ్ములు తీయించడానికి మనిషిని తెచ్చాడు. పిల్లలు బిక్కముఖాలేసుకుని నిలబడ్డారు.

“ఆ కంపు మా ఇంటిది” అంది చెకింగమ్మ అందరూ వినేలా. “శుభ్రం చేసే పూచీ నాది. అయినా వాసనొస్తే అప్పుడు తీయించండి.” నర్సు మెట్లమీద నుంచి వింటోంది. ఆమెవైపు తిరిగి, “నిన్ను అనవసరంగా అన్నానమ్మా” అంది. కాలేజీ కుర్రాళ్లకు మాత్రం ఏమీ చెప్పలేదు.

ముక్కుకు గుడ్డ కట్టుకుని, పిల్లలతో కలిసి డ్రమ్ము బోర్లించింది. కుళ్లినదంతా ఏరి పారేసి, మిగిలినదాన్లో ఎండుటాకులు కలిపి మళ్లీ నింపారు. పనయ్యాక, రోజూ అందరి బకెట్లూ తనే తనిఖీ చేస్తానంది. పిల్లలు పక్కకెళ్లి గుసగుసలాడుకుని వచ్చారు.

“వద్దమ్మమ్మా. మీరడిగితే అందరికీ భయమేస్తుంది” అంది కళ్లజోడు పిల్ల. “మీరు అట్టపెట్టెలు చింపివ్వండి. తడి పీల్చుకుంటాయి. టేపు మాత్రం తీసెయ్యాలి.”

ఆమె అలిగింది. అలక తీరాక పెరటి మెట్టుమీద కూర్చుని అట్టలు చింపడం మొదలెట్టింది. భర్త పక్కన కూర్చుని టేపు ఊడదీసేవాడు.

వానలు మొదలవుతుండగా పిల్లలు డ్రమ్ము తెరిచారు. నల్లగా, పొడిపొడిగా ఎరువు. కళ్లజోడు పిల్ల దోసిట్లో తెచ్చి చూపించింది. చెకింగమ్మ కాస్త తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. వాసన చూసింది. తొలివానకు తడిసిన నేల వాసన.

ఆ పిల్ల ముఖంలోకి తేరిపార చూసి అడిగింది, “నిజం చెప్పు. ఇది బయట కొనుక్కొచ్చి పోయలేదు కదా?”