ఫ్లూటు దగ్గర ఎవరూ నవ్వరు

ఒక సినిమాని నూరు రోజులు, రోజుకి నాలుగు ఆటలు విని, ఒక్క ఆట కూడా చూడని మనిషి ఏలూరు మొత్తం మీద ఒక్కరే ఉంటారు. ఆవిడ పేరు మహబూబ్ బీ. పవరుపేటలో ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉన్నచోట ముప్పై ఏళ్ళ కిందట సినిమా హాలుండేది. దాంట్లో క్యాంటీన్ ఆవిడది. గేటు దగ్గర టికెట్లు చింపే సైఫుల్లా ఆవిడ భర్త.

ఆ సినిమా పేరు చెప్పినా ఇప్పుడెవరికీ గుర్తురాదు. కడుపుబ్బ నవ్వించే రకం. చేపల పట్టుబడి అయిపోయిన రోజున కొల్లేరు లంకల నుంచి జనం ట్రాక్టర్లెక్కి వచ్చేవారు. వాళ్ళు నవ్వితే క్యాంటీన్లో సోడా సీసాలు గలగలలాడేవి. మాటలు తలుపు దాటి ముద్దముద్దగా వచ్చేవి గానీ, వాయిద్యాలు మాత్రం స్పష్టంగా వినిపించేవి. మహబూబ్ బీకి అదే గడియారం. మోర్సింగ్ 'బొయ్ బొయ్' మనగానే మూకుడు పొయ్యి మీద పెట్టాలి. క్లారినెట్ మెట్ల మీంచి జారిపడ్డట్టు కిందికి దిగిందంటే సమోసాలు నూనెలో వెయ్యాలి. సన్నాయీ డోలూ పోట్లాడుకుంటున్నాయంటే ఇంటర్వెల్‌కి ఇంక ఐదు నిమిషాలే. నూరు రోజుల్లో ఒక్క వాయి మాడలేదు.

లోపలికెళ్ళి చూడొచ్చు కదా అని తేలిగ్గా అనేయకండి. ఆ సినిమా రావడానికి రెండు నెలల ముందు ఆవిడకి ఆడపిల్ల పుట్టి తొమ్మిదో రోజున పోయింది. పదిమందీ నవ్వే చోట కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. సైఫుల్లా కంట మాత్రం ఆవిడ చుక్క నీరు చూడలేదు. ఆ సంగతి ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది.

క్లారినెట్ కంటే ముందు అర నిమిషం పాటు ఒక ఫ్లూటు వచ్చేది. అది మొదలవగానే హాలంతా సద్దుమణిగేది.

"ఇదేంటండీ, ఇక్కడ ఎవరూ నవ్వరు?" అని ఒకరోజు అడిగింది.

సైఫుల్లా కౌంటరు మీద మోచేతులు ఆనించి కాసేపు ఆలోచించాడు. "ఇక్కడో పిల్ల వస్తుంది. మూడేళ్ళుంటాయేమో. తాత పడక్కుర్చీలో నిద్రపోతుంటే వెనకనుంచి వచ్చి, కళ్ళజోడు పట్టుకుపోయి బియ్యం డబ్బాలో పడేస్తుంది."

"మరి నవ్వాలిగా?"

"చిన్నపిల్ల కదా, దిష్టి తగులుతుందని నవ్వరు."

మహబూబ్ బీ నవ్వేసింది. పాప పోయాక అదే మొదటిసారి. మర్నాడు ఆ పిల్ల పౌడరు డబ్బా ఒంపుకుంది. ఆ మర్నాడు చుట్టాల చెప్పులన్నీ నీళ్ళ తొట్లో వేసింది. "నిన్న వేరేలా చెప్పారుగా?" అంటే, "అదీ ఉంది, ఇదీ ఉంది. నీకు చూడ్డం కుదరదు, నాకు చెప్పడం కుదరనివ్వవు" అని విసుక్కునేవాడు. కథ సాగదీస్తున్నాడని ఆవిడకి తెలుసు. అసలు పిల్లే లేదని మాత్రం కల్లో కూడా అనుకోలేదు.

వాళ్ళకి మళ్ళీ సంతానం కలగలేదు. హాలు మూతపడింది. ఒకసారి టీవీలో ఆ సినిమా వస్తుంటే సైఫుల్లా గబుక్కున ఛానల్ మార్చేశాడు. నూరు రోజులు చూసి మొహం మొత్తిందేమో అనుకుంది. రెండేళ్ళ కిందట సైఫుల్లా కూడా పోయాడు. ఇప్పుడావిడ వట్లూరులో చిన్న పోర్షన్‌లో ఒక్కతే ఉంటూ, కాలేజీ ఎదురుగా ఉన్న టీ కొట్టుకి సమోసాలు వేసిస్తోంది. ఇంట్లో చప్పుడు చేసేది మూకుట్లో నూనె ఒక్కటే.

పక్క పోర్షన్‌లో ఇందుజ అని, ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఉంది. కొల్లేరు లంక ఊరిపిల్ల. ఉల్లిపాయలు తరుగుతూ మహబూబ్ బీ తీస్తున్న కూనిరాగం విని, "ఏం పాటండీ ఆంటీ?" అంది.

"పాట కాదమ్మా. సినిమాలో వెనకాల వచ్చేది."

ఇందుజ ఫోన్లో వెతికింది. లోకంలో ఎంత ఓపికమంతులున్నారో గానీ, ఎవరో ఆ సినిమా నేపథ్య సంగీతాన్ని ఒక్కదాన్నే, మాటా బొమ్మా లేకుండా పెట్టారు. దాన్ని చిన్న స్పీకర్లో ఎక్కించి ఇచ్చింది. ఇక రోజూ మధ్యాహ్నం మహబూబ్ బీకి అదే మ్యాట్నీ. మోర్సింగ్ మోగితే చెయ్యి దానంతటదే మూకుడు వైపు పోయేది. ఫ్లూటు వస్తే కౌంటరూ, దాని మీద రెండు మోచేతులూ కనిపించేవి. ఒకసారి పైకే నవ్వింది. ఖాళీ గదిలో తన నవ్వు తనకే వినిపించి సిగ్గేసింది.

ఆదివారం ఇందుజ ఏకంగా సినిమానే పట్టుకొచ్చింది. "పూర్తిగా దొరికిందండీ. మా ఊరి బస్సుకి ఇంకా టైముంది, చూద్దాం రండి." మహబూబ్ బీ మంచి చీర కట్టుకుని వచ్చి ఫోను ముందు కూర్చుంది.

ఫ్లూటు వచ్చింది. తాత పడక్కుర్చీలో నిద్రపోతున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ కుర్చీ వెనక్కే చూస్తోంది. ఎవరూ రాలేదు. క్లారినెట్ వచ్చేసింది.

"వెనక్కి తిప్పమ్మా," అంది. ఇందుజ మూడుసార్లు తిప్పింది.

"ఈ సినిమాలో చిన్నపిల్ల లేదండీ ఆంటీ. టైటిల్స్‌లో కూడా పేరు లేదు."

"రీలు కోసేసుంటారు. ఆట ఆలస్యమైతే మా హాల్లోనూ కోసేవాళ్ళు," అంది మహబూబ్ బీ. గొంతులో మాత్రం నమ్మకం లేదు. ఇందుజ ఊరెళ్ళిపోయింది. ఆ పిల్ల లేకపోతే నూరు రోజుల సైఫుల్లా కూడా లేనట్టే. ఆయన్ని రెండోసారి పోగొట్టుకోవడానికి ఆవిడ సిద్ధంగా లేదు.

అప్పట్లో ప్రొజెక్టర్ ఆపరేటర్ లక్ష్మీకాంతం ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాడు. వెతికి వెతికి నంబరు పట్టుకుని ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, ఆ సినిమాలో పడక్కుర్చీ దగ్గర మీరు రీలేమన్నా కోశారా అండీ? ఒక పిల్ల ఉండాలి."

"ఒక్క ముక్క కొయ్యలేదు చెల్లెమ్మా. అందులో పిల్లెక్కడుంది?" అన్నాడు లక్ష్మీకాంతం. "పిల్ల అంటే గుర్తొచ్చింది. సైఫుల్లా రోజూ ఇంటర్వెల్ ముందు నా గదికొచ్చి, 'మీ అఖిల ఇవాళ ఏం చేసిందండీ?' అని అడిగేవాడు. మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు. మా నాన్న కళ్ళజోడు బియ్యం డబ్బాలో పడేసిందని చెబితే పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత ఏం చెప్పినా వినగానే మెట్లు దిగి పరిగెత్తేవాడు. ఎక్కడికో నాకేం తెలుసు!"

మహబూబ్ బీ ఫోను చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది.

"మీ పాప పోయిన కొత్త కదమ్మా. ఆ మనిషికి నా పిల్ల కబుర్లు చెప్పాలంటే నాకే కష్టంగా ఉండేది. ఒకసారి నా గదిలోనే మిషను చాటున నిలబడి ఏడ్చాడు కూడా. నేను చూడనట్టు ఊరుకున్నాను. కళ్ళు తుడుచుకుని, 'చెప్పండి, తర్వాత ఏం చేసింది?' అన్నాడు."

ముప్పై ఏళ్ళు గుచ్చుకున్న ముల్లు అది. ఎన్ని మెట్లెక్కాడు, ఎన్ని మెట్లు దిగాడు! ఆవిడకి దుఃఖం ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అవతల లక్ష్మీకాంతం ఓపిగ్గా ఫోన్ పట్టుకునే ఉన్నాడు.

"అఖిల బాగుందా అండీ?" అంది చివరికి.

"బాగుందమ్మా. ఇక్కడే, మాతోనే ఉంటోంది. టీచర్ చేస్తోంది."

"ఇవాళ ఏం చేసిందండీ?"

ఆ ప్రశ్న లక్ష్మీకాంతానికి పాతదే. "ఇవాళా? స్కూటీ తాళం కనబడలేదని ఇల్లంతా తిరగేయించిందమ్మా. ఆఖరికి ఫ్రిజ్‌లో దొరికింది."

ఫోన్ పెట్టేసి, మొహం కడుక్కుని, ఉల్లిపాయలు ముందేసుకుని స్పీకర్ పెట్టింది. పక్క పోర్షన్‌కి తాళం వేసి ఉంది. కాసేపటికి ఫ్లూటు వచ్చింది. తాత నిద్రపోతున్నాడు. పిల్ల కుర్చీ వెనకనుంచి వచ్చి, చుట్టూ చూసి, తాళం ఫ్రిజ్‌లో పెట్టేసింది.

మహబూబ్ బీకి నవ్వొచ్చింది. ఆపుకుంది. చిన్నపిల్ల కదా, దిష్టి తగులుతుంది.