పక్షుల దీవిలో నేను ఉమ్మిన ఉమ్మి

దెయ్యం మాట ఎవరెత్తినా ముందు నవ్వేది నేనే. ఒడిశా బరంపురంలో మాది చింతపండు, ఎండుమిర్చి టోకు వ్యాపారం. చేత్తో పట్టి, వాసన చూసి, నాలుక మీద వేసుకున్నాక గాని సరుకును నమ్మని ఇల్లు. మా ఆవిడ దిష్టి తీస్తానన్నా కసురుకునేవాణ్ణి. దెయ్యాలున్నాయని ఇప్పటికీ నేను అనను. నాకు జరిగింది మాత్రం చెబుతాను. అన్నం ముందు కూర్చుని ఇది చదవకండి.

రెండేళ్ళ కిందట, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, మా బామ్మర్ది సత్యం విశాఖపట్నం నుంచి వచ్చాడు. చిలికా సరస్సు చూడాలన్నాడు. సరస్సు ఒడ్డునున్న రంభ అనే ఊళ్ళో పడవ మాట్లాడుకున్నాం. పడవ నడిపేది ఎర్రయ్య. పుట్టింది ఆర్యపల్లిలో, పెళ్ళి చేసుకుని రంభలో స్థిరపడ్డ తెలుగు జాలరి. అరవైకి దగ్గర పడ్డ మనిషి.

కొంత దూరం వెళ్ళాక ఒక చిన్న రాతి దీవి వచ్చింది. నాలుగు బండలు, వాటి మధ్య గుబురు పొదలు. కొంగలూ నీటికాకులూ అక్కడ గూళ్ళు పెడతాయి. పక్షుల కోసం వదిలేసిన రక్షిత స్థలం. పడవలో చుట్టూ తిరిగి చూడవచ్చు గాని దిగకూడదు. ఆ సంగతి రాసిన బోర్డు కూడా ఉంది.

నేను దిగుతానన్నాను.

"వద్దు బాబూ, పిల్లలు సేసే కాలం. మనం దిగితే తల్లులు లెగిసిపోతాయి" అన్నాడు ఎర్రయ్య.

"పావుగంటేనయ్యా. పిట్టలు మన మీద కేసెడతాయేటి?" అన్నాను.

సత్యం పగలబడి నవ్వాడు. నిజానికి నాకు పక్షుల మీద ఏ ఆసక్తీ లేదు. బామ్మర్ది ముందు నా మాట చెల్లాలి, అంతే. ఛత్రపూర్ కలెక్టరు ఆఫీసులో మనవాళ్ళున్నారని అబద్ధం కూడా చెప్పాను. చివరికి ఎర్రయ్య పడవను బండకు ఆనించాడు.

"దిగితే దిగండి గానీ, ఉమ్మకండి బాబూ. మావోళ్ళు ఈడ ఉమ్మొచ్చినా మింగేస్తారు. పిట్టలు నోట్లోంచి పిల్లలకి కూడెట్టుకునే సోటు ఇది."

అప్పటికే నా బుగ్గ నిండా పొగాకు దట్టించిన పాన్ ఉంది.

కాలు పెట్టగానే కంపుకి కళ్ళు మండాయి. బండల నిండా తెల్లటి రెట్ట, జారుడుగా, గోరువెచ్చగా. కుళ్ళిన చేప ముక్కలు. గూట్లోంచి పడి చచ్చిన పిల్లలు, వాటి కళ్ళలో పురుగులు. వెనక్కి తిరిగితే సత్యం నవ్వుతాడని ముందుకే నడిచాను. నడుమెత్తు పొదలో ఒక గూడు ఉంది. తల్లి లేచిపోయింది. ఈకలు రాని మూడు పిల్లలు, నీలం తోలు, ఉబ్బిన కళ్ళు. అవి మెడలు చాచి నా పాదం మీద కక్కాయి. సగం అరిగిన చేపలు, జిగురు. బెదిరితే ఆ పిల్లలు అలా కక్కుతాయని తర్వాత తెలిసింది.

మేం వైశ్యులం. మా ఇంటి గడప చేప దాటి ఎరగదు. ఆ రోతలో నోటి నిండా ఉన్న ఎర్రటి ఉమ్మిని ఆ గూట్లోకే ఉమ్మాను. పొరపాటున కాదు, గురి చూసి ఉమ్మాను. తిండి అనుకుని ఒక పిల్ల నోరు తెరిచింది.

తల్లులు లేచిన గూళ్ళ మీద అప్పటికే కాకులు వాలుతున్నాయి. పక్షుల అరుపులు విని కాబోలు, అటవీశాఖ కాపలా పడవ వచ్చింది. ఎవరు దిగమన్నారని గార్డు అడిగాడు. నేను ఒడియాలో, తడబడకుండా, "ఇతనే తెచ్చి దింపాడు, దిగకూడదని మాకు తెలీదు" అన్నాను. ఎర్రయ్య నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. రేవులో పడవలు వంతుల ప్రకారం వెళ్తాయి. ఆ సాయంత్రమే పడవలవాళ్ళు వంతుల పట్టీలోంచి అతని పేరు కొట్టేశారు. నేను కారెక్కి ఇంటికి వచ్చేశాను.

నాలుగో రోజు ఉదయం పళ్ళు తోముకుని ఉమ్మితే బేసిన్‌లో చేపముల్లు పడింది. చిటికెనవేలి గోరంత. తడిగా, మెత్తటి తునకేదో అంటుకుని, ఆ దీవి కంపే కొడుతూ. ఆ రోజంతా ఏమీ తినలేకపోయాను. వారం తిరగకుండా మరొకటి. తర్వాత రెండు పొలుసులు.

మా ఆవిడ చూసింది. "ఏటండీ ఇది? బయట తింటున్నారా? తింటే తిన్నానని సెప్పీండి, నా వంటింటి గిన్నెలు మాత్రం ముట్టకండి" అంది. నాకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టింది. పది రోజులు నేను గోసాని నువాగాం పేటలోని మా ఇల్లు కదల్లేదు. ఆవిడ వండిందే తిన్నాను, వడగట్టిన నీళ్ళే తాగాను. పడుకునే ముందు టార్చి వేసి నా నోరంతా చూసేది. అయినా ఒక ఉదయం ఆవిడ కళ్ళ ముందే ముల్లు పడింది. ఆవిడ పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది.

పళ్ళ డాక్టరు చిగురు కింద నుంచి ఇంకొకటి తీశాడు. చేప తినేటప్పుడు చూసుకు తినండన్నాడు. మేం తినమండీ అంటే, అందరూ అలాగే అంటారన్నట్టు నవ్వాడు.

పాన్ మానేశాను. తేడా లేదు. చివరికి రంభ వెళ్ళాను. ఎర్రయ్య తన గుడిసె ముందు ఎవరివో వలలు బాగుచేస్తున్నాడు. పక్కనే అతని పడవ బోర్లించి ఉంది. చేతులు పట్టుకుని తప్పయిందన్నాను. జరిగిందంతా చెప్పి, ఏమైనా చేశావా అని అడిగాను.

"నానేటి సేత్తాను బాబూ? పడవ వంతే పోయినోణ్ణి" అన్నాడు. దారం కొరికి, తలెత్తకుండానే మళ్ళీ అన్నాడు. "మీరు నా కోసం రానేదు. మీ నోటి కోసం ఒచ్చినారు."

ఆ మాట నిజమే.

అక్కణ్ణుంచి నేరుగా అటవీశాఖ ఆఫీసుకి వెళ్ళాను. అతను వద్దన్నా బలవంతంగా దిగింది నేనేనని, అబద్ధం చెప్పింది నేనేనని, గూట్లో ఉమ్మింది నేనేనని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. గార్డు చదివి నా ముఖం వైపు చూశాడు. ఏ కుక్క పెంటనో చూసినట్టు చూశాడు. దాని నకలు పడవలవాళ్ళకీ ఇచ్చాను. పై నెలలో ఎర్రయ్య పేరు మళ్ళీ పట్టీలోకి ఎక్కింది. నాకు అతను కబురు పెట్టలేదు. పెట్టాలని నేనూ అనుకోలేదు.

దాంతో ముళ్ళు ఆగిపోయాయని రాయగలిగితే బాగుండేది. ఆగలేదు. తగ్గనూ లేదు. ఎలా వస్తున్నాయో డాక్టర్లు చెప్పలేకపోయారు, నాకూ తెలియదు. ఎర్రయ్య పడవ మాత్రం నీళ్ళలో ఉంది. ఈ ఉదయం కూడా ఒకటి పడింది. బేసిన్ నేనే కడిగాను.