డిష్ సాయిబు గారి మీద నేను వేసిన నింద

అందరూ బాగున్నారా అండీ? మొదటింటి టీచరమ్మ గారూ, మీ మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పినా మీరు వినరని నాకు తెలుసు. మీ మేడ మీద అద్దెకున్న వాళ్ళ పాపకి దగ్గు తగ్గిందా? మొన్న పొద్దున్న ఆ దగ్గు వినబడితే నాకు కాఫీ గొంతు దిగలేదు. ఇస్త్రీ బండాయనకి షుగరు కాస్త కిందకి దిగిందా? బొగ్గుల పెట్టె దగ్గర అంతసేపు నిలబడితే కాళ్ళు ఏమవుతాయి చెప్పండి. కుట్టుమిషను అమ్మాయికి ఏడో నెల వచ్చిందనుకుంటా. నీళ్ళ బిందె ఎత్తనివ్వకండి. మా ఇంటాయనకి రెండో కంటి ఆపరేషను అయ్యింది, బాగానే ఉన్నారు. నా సంగతంటారా, బీపీ బిళ్ళ వేసుకున్నానో లేదో గుర్తుండక రోజూ ఒక గంట అదే ఆలోచన.

ఇలా ఇల్లిల్లూ అడుగుతూ వస్తే మన వీధిలో ఆఖరిల్లు మిగులుతుంది. అక్కడ అడగడానికి లేదు. డిష్ సాయిబు గారు పోయారు.

ఇరవై రోజులైంది. పొద్దున్నే పాల ప్యాకెట్టు కత్తిరిస్తున్నాను. మసీదు మైకులో ఎవరో పోయారని పేరు చెబుతున్నారు. ఎవరో పాపం అనుకుని పాలు పొయ్యి మీద పెట్టాను. అవి పొంగేలోపే ఇస్త్రీ బండాయన గేటు దగ్గరికొచ్చి, "పిన్నిగారూ, మన డిష్ సాయిబు గారంటండీ. కుర్చీలో కూర్చుని టీ తాగుతా తాగుతానే..." అన్నాడు. మైకులో విన్న పేరు ఆయనదని అప్పుడు తెలిసింది నాకు. భవానీపురంలో ఒకే వీధిలో పద్దెనిమిదేళ్ళు ఉన్నాం. నేను అన్నయ్య గారూ అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవారు. పేరేమిటని ఒక్కనాడూ అడగలేదు.

మన వీధి సంఘం వాళ్ళు పంచే కాగితంలో ఆయన గురించి నాలుగు మాటలు రాయమని టీచరమ్మ గారు అడిగారు. "ఐదో తరగతి చదివినదాన్ని, నేనేం రాస్తానండీ" అన్నాను. "వాళ్ళింటికి నువ్వే దగ్గర కదమ్మా" అన్నారావిడ. ఆ మాటకి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎందుకో ఇందులో రాస్తాను. మంచి మాటలు ముందు రాస్తాను, తర్వాత ధైర్యం ఉంటే మిగతాది.

డిష్‌లు బిగించడం, టీవీలు బాగుచేయడం ఆయన పని. ఆ పని చేసే పద్ధతి మీరందరూ చూసినదే. చెప్పులు గుమ్మం బయట విడిచి, గుడ్డ సంచి చాప మీద పెట్టి, ముందు ఏదీ ముట్టుకునేవారు కాదు. టీవీకి ఎదురుగా కూర్చుని చూసేవారు. నాకు ఓపిగ్గా చెప్పేవారు. "చెల్లెమ్మా, బొమ్మ రానప్పుడు ముందు ఎవరు మాట్లాడుతున్నారో చూడండి. ఉత్త నీలం తెర మీద నో సిగ్నల్ అని అక్షరాలు అటూ ఇటూ తిరుగుతుంటే అది టీవీ మాట. బాక్సు నుంచి నాకేం రావటం లేదంటోంది. కంపెనీ బొమ్మ కనపడి, దాని కింద నంబరు పడితే అది బాక్సు మాట. పైన డిష్ నుంచి నాకు రావటం లేదంటోంది. ఒకళ్ళ గొడవకి ఇంకొకళ్ళని తిట్టకూడదు." వానొచ్చి బొమ్మ ఆగిందని ఫోను చేస్తే నవ్వేవారు. "బాక్సు ఏడుస్తోందమ్మా, ఊరుకోబెట్టకండి. వాన తగ్గితే అదే ఊరుకుంటుంది."

ఇంకోటి కూడా అనేవారు. ఒకేసారి రెండు మార్చకూడదట. వైరు మారిస్తే వైరే మార్చాలి, చూడాలి. ఫలితం లేకపోతే పాతది పెట్టేసి, అప్పుడు ఇంకోటి ముట్టుకోవాలి. రెండూ కలిపి మారిస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తెలీదు. పని అయ్యాక రిమోటు మగవాళ్ళ చేతికి ఇచ్చేవారు కాదు. నాకిచ్చి, "సోర్సు నొక్కండి, హెచ్‌డీఎంఐ ఒకటో రెండో చూడండి, మీరే పెట్టండి" అని దగ్గరుండి నా చేత పెట్టించేవారు. ఇంగ్లీషు అక్షరాలు రాని నాకు ఆ గుర్తులన్నీ నేర్పింది ఆయనే.

రెండేళ్ళ కిందట, దసరాకి వారం ముందు, పామర్రులో ఉండే మా వాడు పెద్ద టీవీ కొని పంపాడు. వాళ్ళ నాన్నగారికి కళ్ళు ఆనవని. సాయిబు గారు వచ్చి గోడకి బిగించి, కొత్త బాక్సు, కొత్త వైరు పెట్టి వెళ్ళారు. ఆ బొమ్మలో చీర అంచు నేత కూడా కనపడేది. పండగ సాయంత్రం కృష్ణా నదిలో జరిగే అమ్మవారి తెప్పోత్సవం టీవీలో చూద్దామని మా ఆయన రోజులు లెక్కపెట్టుకున్నారు. కాళ్ళు బాగున్నన్నాళ్ళూ ఏటా ఘాటుకి నడిచి వెళ్ళిన మనిషి.

నవమి నాడు ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ చేస్తాం కదండీ. మాది బందరు పక్క సముద్రపొడ్డు ఊరు. మా నాన్నా వాళ్ళు పడవ మీద వేటకెళ్ళేవాళ్ళు. బొట్టు ఊరికే పైన పెడితే చాలదనేది మా అమ్మ. ఏ వస్తువు ఎక్కడ పని చేస్తుందో అక్కడే పెట్టాలి. పడవకి ముక్కు మీద, వలకి అంచు మీద, కత్తిపీటకి పదును పక్కన. నేను అత్తారింటికొచ్చాక కూడా అలాగే చేశాను. కుళాయికి మూతి దగ్గర, మిక్సీకి గిన్నె కూర్చునే చోట. మరి టీవీకి బొమ్మ ఎక్కడి నుంచి వస్తోంది? బాక్సు వెనక ఆ వైరు దూరే చోటు నుంచే కదా అనుకున్నాను. స్విచ్చి ఆపి, వైరు పీకి, దుమ్ము తుడిచి, తడి పసుపు ఉంగరం వేలితో ఆ కన్నానికి అద్ది, వైరు కొసకి కూడా కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని మళ్ళీ దూర్చాను. ఆ రోజు టీవీ పెట్టుకోలేదు.

దశమి పొద్దున్న పెడితే నీలం తెర. నో సిగ్నల్ అని అటూ ఇటూ తిరుగుతోంది. ఇది టీవీ మాట అని నాకు గుర్తొచ్చింది కూడా. అయినా భయం ముందుకొచ్చింది. అంత టీవీ నేను చెడగొట్టానని మా వాడు అంటాడేమో, మా ఆయన పండగ పూట గోడ చూస్తూ కూర్చుంటారేమో అని. సాయిబు గారికి నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. గుణదలలో ఎవరిదో డాబా మీద డిష్ బిగిస్తున్నారట, ఫోను కింద సంచిలో ఉందట. అది తర్వాత తెలిసింది.

అప్పటికి కూరల బండి వచ్చింది. మీలో నలుగురైదుగురు అక్కడే ఉన్నారు. "ఏంటమ్మా ముఖం అలా ఉంది" అన్నారెవరో. నేను అన్న మాట ఇది. "కొత్త వైరు చూపించి పాతది పెట్టిపోయుంటాడండీ. మా ఆయనకా కళ్ళు ఆనవు, నాకా తెలీదు. ఏం పెట్టాడో ఎవరు చూడొచ్చారు?" అన్నేళ్ళలో మొదటిసారి ఆయన్ని 'డు' పెట్టి అన్నాను. గారు తీసేశాను. మీరు అయ్యో అన్నారు. నాకు భయం కాస్త తగ్గింది. తప్పు ఇంకొకళ్ళ మీదికి వెళ్ళాక ఎంత హాయిగా ఉంటుందో.

ఆరింటికి సాయిబు గారు మోపెడ్ మీద వచ్చారు. ఇస్త్రీ బండాయన వేళాకోళానికే అన్నాడు, "ఏం సాయిబు గారూ, పిన్నిగారి కొత్త వైరు ఏ ఊరెళ్ళింది?" అని. ఆయన మా గుమ్మం వైపు చూసి, నవ్వి, చెప్పులు విడిచి లోపలికొచ్చారు. తెప్పోత్సవం చూడ్డానికి టీచరమ్మ గారు, ఇంకో ఇద్దరు అప్పటికే మా హాల్లో కూర్చున్నారు. మా ఆయన ఉతికిన పంచె కట్టుకుని కుర్చీలో ఉన్నారు.

సాయిబు గారు అలవాటు ప్రకారం ముందు చూశారు. సోర్సు సరిగ్గానే ఉంది. బాక్సు లైటు వెలుగుతోంది. వైరుని టీవీకి ఇంకో కన్నంలో పెట్టి చూశారు, రాలేదు. తన సంచిలోంచి వైరు తీసి ఆ వైరు బదులు పెట్టారు. రాలేదు. తన వైరు మళ్ళీ పీకినప్పుడు దాని కొస వైపు చూశారు. నేనూ చూశాను. పచ్చగా ఉంది. ఆయన నా వైపు తిరిగారు. నా వేలికి నిన్నటి పసుపు ఇంకా పోలేదు. చెయ్యి కొంగు కిందకి లాక్కున్నాను.

ఆయన అందరికీ వీపు పెట్టి కూర్చుని, స్విచ్చి ఆపి, చిన్న సీసాలోంచి స్పిరిట్టు దూదికి తీసి నా వైరు కొస తుడిచారు. పాత పళ్ళ బ్రష్షుతో ఆ కన్నం మెల్లిగా, మెల్లిగా గీకారు. ఆరేదాకా ఆగారు. మళ్ళీ నా కొత్త వైరే పెట్టి రిమోటు నాకిచ్చారు. నొక్కాను. తెర నిండా కృష్ణా నది, నీళ్ళ మీద దీపాలు పెట్టుకున్న అమ్మవారి హంస పడవ. మా ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు.

"ఏమిటండీ సంగతి?" అన్నారు టీచరమ్మ గారు.

"తప్పు నాదేనండీ. ఆ రోజు బిగింపు సరిగ్గా పడలేదు."

"అంత టీవీ పెట్టినప్పుడు చూసుకోవద్దుటండీ?"

"చూసుకోవాలమ్మా, నిజమే."

నేను నోరు తెరవాల్సింది అక్కడే. కాదండీ, నేనే పసుపు పెట్టాను అని ఒక్క ముక్క. నవ్వేవాళ్ళు, అంతే. నేను టీ పెడతానని లేచి వంటింట్లోకి పోయాను. ఆయన టీ తాగి, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నాకొక్కదానికే వినపడేలా, "చెల్లెమ్మా, వచ్చే ఏడు నుంచి బొట్టు బాక్సుకి నుదుటి మీద పెట్టండి, చాలు. వెనకాల దాని నోరు" అన్నారు.

ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు, కానీ ఎందుకు జరిగిందో తెలీదు. మన వైపు నాలుగిళ్ళ వాళ్ళు ఆయన్ని పిలవడం మానేశారు. మెయిన్ రోడ్డు మీద షాపు వాళ్ళని పిలుచుకున్నారు. ఒకసారి టీచరమ్మ గారే నన్ను అడిగారు, "మా బాక్సు మొరాయిస్తోంది, సాయిబు గారినే రమ్మననా?" అని. నేను "మీ ఇష్టమండీ" అన్నాను. ఆ మాటలో ఏముందో ఆవిడకి అర్థమైంది. షాపుకే ఫోను చేశారు. సాయంత్రాలు ఆయన ఆ నాలుగిళ్ళ ముందు నుంచే మోపెడ్ మీద వెళ్ళేవారు, అందరికీ సలాం పెడుతూ.

పోయినేడు నవమికి ముందు రోజు పిలవకుండానే వచ్చారు. "పండగొస్తోంది కదా, ఒకసారి చూసిపోదామని" అంటూ బాక్సు వెనక ఖాళీ కన్నాలకీ, వైరు బిగించిన చోటుకీ నల్ల టేపు అంటించారు. "దేనికన్నయ్య గారూ?" అంటే "దుమ్ము పడకుండా" అన్నారు. మా ఇద్దరికీ తెలుసు అది దుమ్ముకి కాదని. అప్పుడు కూడా నేను చెప్పలేదు. ముందు టీ ఇద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాను. టీ ఇచ్చాను.

ఆయన పోయిన రోజు వాళ్ళింటికి వెళ్ళాను. ఆడవాళ్ళందరి మధ్యా వదిన, అంటే ఆయన భార్య, నా చెయ్యి పట్టుకుని, "మీ ఇంటి గురించి ఎప్పుడూ చెప్పేవారు, మా చెల్లెమ్మకి రిమోటు అంతా వచ్చని" అంది. నాకు ఏడుపు రాలేదు, చెమట పట్టింది. ఎటు చూడాలో తెలీక గోడ వైపు చూశాను. మేకుకి ఆయన గుడ్డ సంచి వేలాడుతోంది. పై అరలోంచి పళ్ళ బ్రష్షు బయటికి కనపడుతోంది. నేను చూస్తున్నానని వదిన కూడా చూసి, "అదేం మరకో, ఎంత కడిగినా పోలేదు. పారేయమంటే పారేసేవారు కాదు" అంది.

ఈ కాగితం శనివారం పంచుతారట. వదినకి చదవడం రాదు, ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. అలా వినకూడదు. భర్త పోయాక వాళ్ళ పద్ధతి ప్రకారం ఆవిడ నాలుగు నెలలు గడప దాటదు కాబట్టి నేనే వెళ్ళాలి. నలభయ్యో రోజు కార్యం దాకా ఆగుదామంటే, నా సంగతి నాకు తెలుసు, ఏదో ఒక బీపీ అడ్డం పెట్టుకుంటాను. అందుకే శుక్రవారం మధ్యాహ్నం, నమాజు అయ్యాక వస్తున్నానని కబురు పెట్టేశాను. రండి, టీ పెడతానంది. ఆయన పోయిన రోజు నేను చూసేసరికి ఆ బ్రష్షు కుచ్చు ఇంకా పచ్చగానే ఉంది. ఆ మరక ఏమిటో వదినకి శుక్రవారం చెప్పాలి.